పరాయి దేశంలో థెరపీకి వెళ్లాను: నా అనుభవం

వచ్చిన కొత్తలో అంతా బాగానే ఉంది. కొన్ని నెలలు గడిచాక మొదలైంది. రాత్రి నిద్ర పట్టేది కాదు, తెల్లారితే లేవబుద్ధయ్యేది కాదు. ఫోన్ మోగితే చాలు, గుండెదడ. అవతలివాళ్లు ఒక్కసారి "ఏమన్నారు?" అని అడిగితే ఇక నోరు పెగిలేది కాదు.

ఒంట్లో ఏదో తేడా అనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్తే రక్తపరీక్షలతో పాటు, డిప్రెషన్ (కుంగుబాటు) ఉందేమో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల కాగితం ఇచ్చారు. గత 2 వారాల్లో నిద్ర, ఆకలి, ఉత్సాహం ఎలా ఉన్నాయో ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కు పెట్టాలి. మొత్తం 27లో 10, ఆపైన వస్తే ఇంకాస్త లోతుగా చూస్తారు. నాకు అంతకన్నా ఎక్కువే వచ్చింది. థెరపిస్ట్‌కి రాసిచ్చారు.

మొదటి థెరపిస్ట్ మంచి మనిషే. కానీ అమ్మానాన్నల మాట ఎత్తినప్పుడల్లా "ముందు మీ గురించి ఆలోచించుకోండి" అనేవారు. అది విన్నకొద్దీ ఇంకా ఒంటరిగా అనిపించి, మార్చుకున్నాను. థెరపిస్ట్‌ని మార్చుకోవడం తప్పు కాదు. కుదరలేదని థెరపీయే మానేయకండి.

రెండో ఆవిడ మొదటిరోజే అడిగారు: "ఈ బాధ గురించి మీ ఇంట్లోవాళ్లకి చెప్పాల్సి వస్తే ఎలా చెప్తారు? ఎందుకొచ్చిందని వాళ్లు అనుకుంటారు?" చెప్పబోయి ఏడ్చేశాను. మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం, 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5లో ఇలాంటివి 16 ప్రశ్నలున్నాయని తర్వాత తెలిసింది. మనిషి ఎక్కడ, ఎలాంటివాళ్ల మధ్య పెరిగాడో తెలుసుకుని వైద్యం చేయడానికట.

మా ఇంట్లో ఎవరూ చనిపోలేదు. అందరూ ఫోన్‌లో కనిపిస్తూనే ఉన్నారు. అయినా నాది దుఃఖమేనని ఆవిడ ఒప్పుకున్నారు. పౌలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల నుంచి ఇలాంటి తెగని నష్టం (పోయిందనీ చెప్పలేం, ఉందనీ చెప్పలేం) మీదే పనిచేశారని చెప్పారు. అప్పటిదాకా నాకు ఏడ్చే హక్కు లేదనుకున్నాను.

ఫోన్ భయానికి మాత్రం హోంవర్క్ ఇచ్చారు. కాల్ చేసే ముందు ఏం జరుగుతుందని భయమో కాగితం మీద రాయాలి, పెట్టేశాక జరిగింది పక్కన రాయాలి. ఎడమవైపు "విసుక్కుంటారు, పెట్టేస్తారు". కుడివైపు "పేరు స్పెల్లింగ్ మళ్లీ అడిగారు, అపాయింట్‌మెంట్ ఇచ్చారు". కాగితాలు నిండేకొద్దీ దడ తగ్గింది.

అన్నట్టు, భాష ఇబ్బందైతే దుబాసీని ఏర్పాటు చేయమని అడగండి. ఇంట్లోవాళ్లని, ముఖ్యంగా పిల్లల్ని, ఆ పనికి కూర్చోబెట్టొద్దు. వాళ్ల ముందు సగం మాటలు బయటికి రావు.

ఇప్పుడు నిద్ర పడుతోంది. నెలకోసారి వెళ్తున్నాను. అమ్మానాన్నలకి వయసు మీదపడుతోంది, ఇక్కడే ఉండిపోవాలా వద్దా అన్నదాని మీదే మాట్లాడుకుంటున్నాం. దీనికి తొందరగా జవాబు దొరకదని ఆవిడే అన్నారు.