చాయ్ వద్దన్నడు

పదకొండు దాటింది. సారు, అంటే మా ఆయన, గురక అందుకున్నడు. నాకే కన్ను మూతపడుతలేదు. కారణం చెప్తే నవ్వుతరు: ఒక గ్లాసు చాయ్.

మావోడు, నన్ను చిన్నమ్మ అని పిలిచే పిల్లగాడు, పొద్దుగాల కల్వకుర్తి నుంచి దిగిండు. పోయిన కార్తీకంల వాని మీద రెండు పేజీల తిట్లు రాసిన. ఎప్పుడొచ్చినా చెప్పులు విడువక ముందే “చిన్నమ్మా, చాయ్” అనేటోడు. ఇయ్యాల అల్లం దంచి, ఇలాచీ వేసి చేతికిస్తే వద్దన్నడు. పిల్లగాడు చాయ్ మానిండంటే మాల అయినా వెయ్యాలె, పిల్ల మాట అయినా వినాలె. వీడు మాల వేసే రకం కాదు. ఎవరో పిల్ల ఉన్నదనుకొని నేను వంటింట్ల కొంచెం సంబరపడ్డ కూడ.

మధ్యాహ్నం అన్నానికి కూసుండి అంగి చేతులు మడిచిండు. మోచేతి లోపటి దిక్కు, నరం మీద, పసుపు అంటినట్టు ఒక మచ్చ. దాని అంచు ఇంకా ఊదాగనే ఉన్నది. నడుమ సూది గాటు.

“జరమొచ్చిందారా? సెలైన్ ఎక్కించిన్రా?”

“కాదు చిన్నమ్మా, స్టడీ చేస్తున్న.”

డిగ్రీ అయి మూడేండ్లయింది, మళ్ళ ఏం చదువు అనుకున్న. చదువు కాదు. హైదరాబాద్‌ల ఒక కంపెనీ. అది మందులు తయారు చెయ్యది, తయారు చేసే కంపెనీల దగ్గర కాంట్రాక్టు పట్టి మనుషుల మీద పరీక్షలు చేసి పెడ్తది. ఇల్లు ఒకరిది, మేస్త్రీ ఇంకొకరు, ఇటుకలు మోసేది మావోడు. పోయిన వారం ఒక విడత అయింది. రేపు సాయంత్రం రెండో విడతకు లోపలికి పోవాలె. అందుకే చాయ్ లేదు, కాఫీ లేదు, సిగరెట్ లేదు. (సిగరెట్ ఎప్పటి నుంచి ఉన్నదో ఆ పంచాయితీ వేరే పెట్టుకుంట.)

ఏం చేస్తర్రా అంటే సినిమా కథ చెప్పినట్టు చెప్పిండు. రాత్రి పది గంటలు ఉపాసం. పొద్దున గోలీ, కొలిచి పోసిన 240 మిల్లీలీటర్ల నీళ్ళు. మింగినంక టార్చిలైటు కొట్టి, నాలుక లేపమని, దవడల సందుల చూస్తరట. బళ్ళె నులిపురుగుల గోలీలు వేసిన దినం మేము పిల్లల నోళ్ళు చూసేది ఇట్లనే. తర్వాత చేతికి పెట్టిన సూది గొట్టంల నుంచి గంటకోసారి, మొదట్ల అయితే పావుగంటకోసారి రక్తం తీస్తరు. ఒక విడతల పాత కంపెనీ గోలీ, ఇంకో విడతల కొత్త కంపెనీది. రెండూ రక్తంల ఒక్క తీరుగ ఎక్కుతున్నయా లేదా చూసుడే పని. సారుకు లెక్కలంటే పండుగ గద, మధ్యల దూరిండు. రెంటి నిష్పత్తి, దాని విశ్వాస అంతరంతో (అంటే లెక్కల అటూ ఇటూ ఉండే ఊగులాటతో) సహా, 80 నుంచి 125 శాతం హద్దుల మధ్య పడాలెనట. పడితేనే ఆ గోలీ జనరిక్ దుకాణానికి వస్తది.

“నువ్వు రోజూ మింగే బీపీ గోలీ కూడ ఎవడో ఒకడు చెయ్యి చాపితేనే వచ్చింది చిన్నమ్మా” అన్నడు. ఈ మాట వానిది కాదు. ఎవరో నేర్పిన్రు. వీళ్ళను పోగు చేసి తీసుకపోయేటోడు ఒకడున్నడట, మనిషికింత అని వానికి ముడుతదట. మా బావ చిన్నతనంల గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి బొంబాయి తోల్కపోయేటోడు. ఇప్పుడు ఏసీ గది, మంచం, టీవీ. మేస్త్రీ మాత్రం పోలేదు.

పైసలతోని ఏం చేసినవురా అంటే బ్యాగుల నుంచి డబ్బా తీసిండు. నాకు కొత్త కండ్లద్దాలు. నా పాత చీటీ ఎప్పుడు ఎత్తుకపోయిండో! పెట్టుకుంటే గోడ మీద క్యాలెండర్ల రాహుకాలం కూడ కనపడ్డది. కండ్లల్ల నీళ్ళొచ్చినయి, అద్దాల వల్లనే అని చెప్పిన.

ఆ అద్దాలతోని మొదలు చదివింది వాని బ్యాగుల ఉన్న సమ్మతి పత్రం. అసలు కోపం అక్కడ మొదలయింది.

ఇరవై రెండు పేజీలు, తెలుగే. ఇరవై ఏడేండ్లు తెలుగు చెప్పిన నేను ఒక్క పేజీకి మూడుసార్లు ఆగవలసి వచ్చింది. మావోన్ని అందులో “విషయము వారు” అన్నరు. ఇంగ్లీషుల సబ్జెక్ట్ అని ఉంటది, ఎవడో నిఘంటువుల మొదటి అర్థం ఏరి పెట్టిండు. వ్యాకరణంల సబ్జెక్ట్ అంటే కర్త అని పిల్లలకు చెప్తం. ఈ కాగితంల మావోడు ఏ పనీ చెయ్యడు, అన్నీ వాని మీదనే జరుగుతయి. కర్త కాదు, కర్మ.

రెండు విడతల నడుమ మందు ఒంట్ల నుంచి పోవుటకు ఇచ్చే ఎడానికి “కడిగివేయు కాలము” అని పెట్టిన్రు. సరే, నవ్వుకున్న. తొమ్మిదో పేజీల మాత్రం నవ్వు రాలే. “విషయము వారు ఎప్పుడైనను అధ్యయనము నుండి ఉపసంహరించబడుటకు స్వేచ్ఛ కలిగియున్నారు.” చూసిన్రా? ఎప్పుడంటే అప్పుడు, కారణం చెప్పకుండ బయటికి వచ్చే హక్కు వానికున్నది. మొత్తం పత్రంల వాని చేతిల ఉన్న బలమైన హక్కు అదొక్కటే. “ఉపసంహరించుకొనుటకు” అని ఉండాలె. “బడు” చేర్చేసరికి, వీన్ని ఎప్పుడంటే అప్పుడు వాళ్ళే బయటికి పంపవచ్చు అని అయింది. పదో తరగతి పిల్లగాడు కర్మణి ప్రయోగం ఇట్ల రాస్తే నేను సున్నా వేస్త.

ఇట్లాంటి కాగితాలను నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) చూసి ఒప్పుకోవాలె. మందుల పరీక్షలకు పెట్టిన 2019 నిబంధనల ప్రకారం ఏడుగురికి తక్కువ ఉండొద్దు, అందులో వైద్యంతోని సంబంధం లేని సామాన్యులు ఒకరుండాలె. ఆ సామాన్యునికి తెలుగు రాదా? వచ్చినా, ఇరవై రెండు పేజీలల్ల ఎన్నో పేజీ దాక చదివి ఉంటడు?

ఎర్రపెన్ను తీసిన. “అయ్యో చిన్నమ్మా, డాక్యుమెంట్ అది!” అని లొల్లి పెట్టిండు గాని, అది వానికిచ్చిన కాపీనే, సంతకం పెట్టినది వాళ్ళ దగ్గర ఉన్నది. దిద్దుకుంట పోయిన. తినకూడనివి అనే జాబితాల “ద్రాక్షపండు” అని ఉన్నది. మావోడు పాపం వారం నుంచి ద్రాక్ష ముట్టలే. పొద్దటి నుంచి మా టీచర్ తోట నుంచి వచ్చిన బత్తాయిలు మాత్రం నాలుగు ఒలుచుకొని తిన్నడు. ఇంగ్లీషు కాపీ తీసి చూస్తే అక్కడున్నది గ్రేప్‌ఫ్రూట్. అది ద్రాక్ష కాదు, పంపరపనస చుట్టం, బత్తాయిల జాతే. దాని రసం తాగితే కొన్ని మందులు పేగుల విరగకుండ, ఎక్కువ మోతాదు లెక్క రక్తంల ఎక్కుతయి. ఇది రాసినోడు నల్లగొండకు ఒక్కసారి వచ్చినా తెలిసేది, ఇక్కడ ఎండకాలం మనుషులు ఏం తింటరో.

ఇంక మధ్యాహ్నమంత వద్దురా, పోకు అనే నా పాట. 2006ల లండన్‌ల ఆరుగురు వాలంటీర్లకు కొత్త మందు నిమిషాల తేడాతోని ఎక్కిస్తే, గంటల్లనే అవయవాలు చెడి ఐసీయూల పడ్డ సంగతి చెప్పిన. “అది మొదటిసారి మనిషికిచ్చిన మందు. మాది ఎప్పటి నుంచో ఉన్న మందే” అన్నడు. వాడు చెప్పింది నిజమే. 2011ల పిడుగురాళ్ళ ఆడోళ్ళను పైసల ఆశ పెట్టి మందుల పరీక్షలకు హైదరాబాద్ తీసుకపోయిన సంగతి ఎత్తిన. హైదరాబాద్‌ల చేసిన పరీక్షలల్ల ఈసీజీలు తారుమారు చేసిన్రని ఫ్రెంచి తనిఖీ వాళ్ళు పట్టుకుంటే, 2015ల యూరప్‌ల దాదాపు 700 మందులు ఆపమన్న సంగతి కూడ చెప్పిన. “నీ పేరు మీద ఉన్న గుండె గీతలు నీ గుండెవేనా, చూసినవా?” అంటే మాత్రం చెయ్యి ఛాతీ మీద పెట్టుకొని నవ్విండు.

సారు ఏం చేసిండు తెలుసా? పేపర్ అంచు మీద లెక్క మొదలుపెట్టిండు. పరీక్ష వల్ల మనిషి పోతే ఎంతియ్యాలెనో నిబంధనలల్ల సూత్రం ఉన్నది. మూలం 8 లక్షలు. దాన్ని వయసు గుణకంతోని, ప్రమాద గుణకంతోని హెచ్చవేసి 99.37తోని భాగించాలె. ప్రమాద గుణకం సావుకు దగ్గరున్న రోగికి సగం, మావోని లెక్క గట్టిగున్నోనికి 4. ఇరవై నాలుగేండ్లకు 218.47. “70 లక్షల 35 వేలు!” అని మావోని వీపు చరిచిండు. పచ్చిపులుసు పోస్తున్న గంటె అట్లనే పట్టుకొని నిలబడ్డ.

పొద్దుగూకినంక బత్తాయి తొక్కలు పారబొయ్య పోతే, ఆ వాసనకేమో, మర్రిగూడ దిక్కు బడి యాదికొచ్చింది. కొలువుల చేరిన కొత్తలు. ఫ్లోరైడ్ ఊరు. గారపండ్లు, దొడ్డికాళ్ళు, నలభైకే నడుం వంగిన తండ్రులు. ఏడాదికోసారి ఏదో ఒక జీపు వచ్చేది. ఒకరు నీళ్ళు పట్టుకపోయేది, ఒకరు పిల్లల మూత్రం, ఒకరు పండ్ల ఫోటోలు. ఒకసారి వచ్చినోళ్ళ దగ్గర అచ్చు కాగితాలున్నయి, కింద “తల్లి/తండ్రి/సంరక్షకుని సంతకం” అని గీత. హెడ్‌మాస్టర్ “తల్లిదండ్రులు కూలికి పోయిన్రు, మీరే పెట్టండి మేడం” అన్నడు. ముప్పై ఎనిమిది సంతకాలు. ఒక పీరియడ్ కూడ పట్టలే. ఏం రాసున్నదో చదువలే, అది ఇంగ్లీషుల ఉండె. హాజరు పట్టీ లెక్క పెట్టుకుంట పోయిన.

వెనక బెంచీల ఒక పిల్ల ఉండె, నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ముందటి పండ్ల మీద గోధుమరంగు గీతలు. మా ఎవరి ముందటా తెరువని నోరు ఆ దినం కెమెరా ముందట తెరిచింది. “టీచర్, నా ఫోటో నాకిస్తరా?” అంటే ఇస్తరమ్మ అన్న. తర్వాత జీపు చప్పుడైతే చాలు, నా దిక్కు చూసేది. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పుస్తకాలల్ల నల్లగొండ పద్ధతి అనే పేరు. పేరు మా జిల్లాది గద అని పాఠంల గొప్పగ చెప్పిన కూడ. వాళ్ళూరికి కృష్ణ నీళ్ళు వచ్చేసరికి ఆ పిల్లకు పెండ్లయిపోయింది. ఫోటో రాలే.

2009ల ఖమ్మం జిల్లాల ఆడపిల్లలకు, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండ వేసే హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన్రని తర్వాత బయటపడ్డది. 2010 ఏప్రిల్‌ల ఆపిన్రు. చనిపోయిన పిల్లల సావుకు టీకా కారణం కాదని విచారణల తేల్చిన్రు, ఆ సంతకాల సంగతి మాత్రం పార్లమెంటు కమిటీ దాక పోయింది. స్టాఫ్‌రూంల పేపర్ చదివి వార్డెన్లను నోరారా తిట్టినోళ్ళల్ల నేనే ముందు. నా ముప్పై ఎనిమిది అప్పుడు గుర్తుకు రాలేదు.

నావాటికి సూది లేదు, మందు లేదు అని సర్దిచెప్పుకోవచ్చు. ఇంతసేపు అదే చేస్తున్న. మావోని పత్రం ఆఖరి పేజీల వాని సంతకం వాడే పెట్టిండు, వంకరగనే గాని వాడే. పోవద్దని చెప్పే నోరు సాయంత్రానికి పడిపోయింది నాకు. అట్లని పొమ్మనే నోరూ రాలే. మూడు నెలల దాక ఇంకోటి ఒప్పుకోనని ఒట్టు పెట్టించుకున్న. ఇంకో కంపెనీల పేరు మార్చి చేరే పోరగాండ్లు ఉన్నరని వాడే నోరుజారిండు మరి.

తొమ్మిదో పేజీ, ద్రాక్షపండు ఉన్న పేజీ, రెండూ మడతపెట్టి వాని బ్యాగుల పైకి పెట్టిన. మార్జిన్‌ల రాసిన: “నాలుగు బత్తాయిలు తిన్న అని డాక్టర్‌కు చెప్పు. దాచకు.”

ఇది రాస్తుండంగనే సారు నీళ్ళకు లేచిండు. పేపర్ అంచు చూసి, “వాడు మొన్న సంక్రాంతికే ఇరవై అయిదుల పడ్డడు గదనే. 216.91 వెయ్యాలె. 70 కిందికి దిగుతది” అనుకుంట పోయి మళ్ళ పండుకున్నడు.