రైలు పట్టా గంట, సమ్నర్ హైస్కూలు, మా పిన్ని పుట్టిన తేదీ

పోయిన నెల మా పిన్నికి పింఛను కాగితాల కోసం పుట్టిన తేదీ రుజువు కావాల్సొచ్చింది. ఆధార్‌లో ఒకటుంది, ఓటరు కార్డులో ఇంకోటుంది. "బడికెళ్లి చూడవే, మా మాస్టారు అన్నీ రాసేవారు" అంది. నేనూ ఆవిడా చదివింది ఒకటే బడి, ఇక్కడే ఒడిశాలోని పర్లాకిమిడిలో, తెలుగు మీడియం హైస్కూలు. పిల్లలు తగ్గిపోయారని కొన్నేళ్ల కిందట దాన్ని ఇంకో వీధిలోని ఒడియా బడిలో కలిపేశారు కాబట్టి రిజిస్టర్లు కూడా అక్కడికే పోయాయి.

అక్కడి గుమస్తా కుర్రాడు మంచివాడు, విసుక్కోకుండా బీరువా వెనకనుంచి ఒక గోనెసంచి లాగి నా ముందు పెట్టాడు. "దీదీ, ఇవన్నీ తెలుగు, మాకెవరికీ చదవడం రాదు, మీరే చూసుకోండి" అన్నాడు. అందులో పదకొండు అడ్మిషన్ రిజిస్టర్లున్నాయి. రెండు చెదలు తినేసినవి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతున్నాయి. మిగతావి బాగానే ఉన్నాయి, నీలం సిరా కాస్త గోధుమ రంగుకి తిరిగింది. నంబరు, పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానిన తేదీ, చివర్లో మానిన కారణం. మా ఊరి సగం ఇంటిపేర్లు ఆ గోనెసంచిలో ఉన్నాయి, వాటిని చదవగలిగిన మనిషి ఆ బిల్డింగులో ఒక్కరు కూడా లేరు.

అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మధ్య మా చెల్లెలి కూతురు అమెరికాలోని సెయింట్ లూయిస్ నుంచి ఒక ఫోటో పంపింది, వాళ్ల ఆఫీసుకి వెళ్లే దారిలో ఎర్ర ఇటుకల పాత బడి ఒకటి, "పెద్దమ్మా, ఇది నల్లజాతి పిల్లల కోసం పెట్టిన హైస్కూలట, మీ బడి లాగే మూసేస్తామన్నారట, కానీ మూయనివ్వలేదు" అని రాసింది. ఆ పేరు పట్టుకుని మెడికల్ షాపులో ఖాళీ దొరికినప్పుడల్లా చదవడం మొదలుపెట్టాను, ఇప్పటికీ ఆపలేకపోతున్నాను.

ఆ బడి పేరు సమ్నర్. 1875లో మొదలైంది, మిసిసిపీ నదికి పడమటి వైపున నల్లవాళ్ల కోసం పెట్టిన మొదటి హైస్కూలు అదే. టెన్నిస్ ఆటగాడు ఆర్థర్ యాష్ 1961లో అక్కడే స్కూలు చదువు ముగించాడు, పాటల్లో పేరు తెచ్చుకున్న చక్ బెర్రీ, టీనా టర్నర్ ఆ బడి పిల్లలే. అలాంటి బడిని కూడా పిల్లలు తక్కువయ్యారని 2020 చివర్లో మూసేయాల్సిన జాబితాలో పెట్టారు. పాత విద్యార్థులు, చుట్టుపక్కల వాళ్లు, కళాకారులు కలిసి దాన్ని ఎలా నిలబెట్టాలో ఒక ప్లాను తయారు చేసి చూపించాక 2021లో స్కూలు బోర్డు మూసేయకుండా గడువు ఇచ్చింది. పిల్లలు తక్కువయ్యారు అన్న మాట ఎక్కడైనా ఒకటేనని అప్పుడే అర్థమైంది నాకు.

ముందే ఒక మాట చెప్పాలి. వాళ్లదీ మాదీ ఒకటే కష్టమని నేను అనడం లేదు. వాళ్లని చట్టం చేసి మరీ వేరు చేశారు, తెల్లపిల్లల బడిలోకి అడుగు పెట్టనివ్వలేదు, చిరిగిన పుస్తకాలు, అరకొర డబ్బు ఇచ్చి మీ చదువు మీరు చూసుకోండన్నారు. మాది భాష వల్ల వచ్చిన ఇబ్బంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు కలిసినప్పుడు మనవాళ్లు ఒక్కరోజులో తక్కువమంది అయిపోయారు. ఇక్కడి రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పి, ఇక్కడే సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడాదే బాధతో ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఇక్కడే బతికారు, బడి పెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే కులం సంగతికొస్తే మా తెలుగు బడిలోనూ వెనక బెంచీ ఎవరిదో మా పిన్ని రోజుల్లో అందరికీ తెలిసిందే, కాబట్టి మనం ఎవరి ముందూ పెద్ద మాటలు మాట్లాడే పని లేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్నది వాషింగ్టన్‌లోని డన్‌బార్ హైస్కూలు కథ. 1870లో ఒక చర్చి కింద నేలమాళిగలో మొదలైంది, ఆ తర్వాత ఎం స్ట్రీట్ స్కూలు అన్నారు, 1916లో కొత్త బిల్డింగు కట్టి కవి డన్‌బార్ పేరు పెట్టారు. పెద్ద పెద్ద డిగ్రీలు చదివిన నల్లవాళ్లకి తెల్లవాళ్ల యూనివర్సిటీలు ఉద్యోగం ఇచ్చేవి కావు, కాబట్టి వాళ్లు వచ్చి హైస్కూలు పిల్లలకి పాఠాలు చెప్పారు. హార్వర్డ్‌లో డాక్టరేటు తీసుకున్న చరిత్రకారుడు కార్టర్ వుడ్సన్ అక్కడ మాస్టారు. ఆనా జూలియా కూపర్ బానిసత్వంలో పుట్టిన మనిషి, ఆ బడికి ప్రిన్సిపాల్ అయింది. రక్తాన్ని నిలవ చేసే పద్ధతిని ముందుకు తీసుకెళ్లిన డాక్టర్ చార్ల్స్ డ్రూ ఆ బడి పిల్లాడే. బడుల్లో రంగు తేడా చెల్లదని కోర్టుల్లో దారి వేసిన లాయరు చార్ల్స్ హ్యూస్టన్ కూడా ఆ బడి పిల్లాడే. అంటే వేరు బడి అనే అన్యాయం మీద గెలవడానికి కావాల్సిన మనిషిని ఆ వేరు బడే తయారు చేసిచ్చింది. రంగుని బట్టి బడులు వేరు చేయడం చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. డన్‌బార్ పాత బిల్డింగుని 1977లో కూలగొట్టారు.

ఇక్కడే నాకు కడుపులో తిప్పినట్టయింది. తీర్పు న్యాయమైనది, దాని కోసం వాళ్లే పోరాడారు. కానీ అమలు చేసేటప్పుడు కలపడం అంటే దక్షిణ రాష్ట్రాల్లో ఎక్కువ చోట్ల జరిగింది ఏమిటంటే నల్లవాళ్ల హైస్కూలు మూసేసి పిల్లల్ని తెల్లవాళ్ల బడికి పంపడం, లేదంటే హైస్కూలుని చిన్న తరగతుల బడిగా దించేయడం. పేరు పోయింది, బడి పాట పోయింది, ఆటల టీము రంగులు పోయాయి. గెలిచిన కప్పులూ ఫోటోలూ చాలా చోట్ల చెత్తలో పడేశారు. 1954 నుంచి 1965 లోపు 17 రాష్ట్రాల్లో 38 వేల మందికి పైగా నల్లజాతి టీచర్లు, ప్రిన్సిపాళ్ల ఉద్యోగాలు పోయాయని లెక్క చెబుతారు. తెల్లపిల్లలకి పాఠం చెప్పడానికి వాళ్లని ఉంచుకోలేదు మరి.

కప్పులు చెత్తలో పడేశారన్న వాక్యం చదివినప్పుడు నా కళ్ల ముందుకొచ్చింది గోనెసంచే.

మా బడికి ఇత్తడి గంట లేదు. వేపచెట్టుకి ఒక రైలు పట్టా ముక్క వేలాడేది, 1900లో మొదలైన పర్లాకిమిడి లైట్ రైల్వేది, మేమందరం చిన్న రైలు అనే పిలిచేవాళ్లం దాన్ని. అటెండరు తాత ఇనుప కడ్డీతో కొడితే ఆ మోత మహేంద్రతనయ ఒడ్డు దాకా వినపడేదని మా నాన్న అనేవారు, నాకైతే మా వీధి చివరి దాకా వినపడేది, అది విని పరిగెత్తేదాన్ని. బడి కలిపేశాక ఆ పట్టా ముక్క ఏమైందో ఎవరికీ తెలీదు. వేపచెట్టు కొమ్మ మీద తీగ చుట్టిన గాటు ఇంకా ఉంది, వెళ్లి చెయ్యి పెట్టి చూశాను.

అందరూ ఊరుకోలేదు. నార్త్ కరోలినాలో హైడ్ కౌంటీ అని సముద్రం పక్కన ఉన్న పల్లెటూళ్ల ప్రాంతం. 1968లో అక్కడ నల్లవాళ్ల బడులు రెండిటినీ మూసేసి పిల్లల్ని తెల్లవాళ్ల బడికి పంపే ప్లాను వేశారు. తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపడం మానేశారు, ఒక రోజూ ఒక వారమూ కాదు, ఏడాది పాటు. రాజధాని రాలీ దాకా నడిచి వెళ్లారు, పిల్లలతో సహా అరెస్టయ్యారు. కలిసి చదవడం వాళ్లకి ఇష్టం లేక కాదు, మేము కట్టుకున్న బడికి తెల్లపిల్లలు కూడా రావచ్చు కదా, ప్రతిసారీ మాదే ఎందుకు మూయాలి అని అడిగారు. ఆఖరికి రెండు బడులూ నిలిచాయి. మా బడి కలిపేసేటప్పుడు మేమేం చేశామంటే ఒక వినతిపత్రం రాసి అరవై సంతకాలు పెట్టించి ఇచ్చి ఇంటికొచ్చాం. సంతకం పెట్టినవాళ్లలో సగం మంది పిల్లలు అప్పటికే ఇంగ్లీషు మీడియంలో ఉన్నారు, నా కొడుకుతో సహా. రిటైరైన తెలుగు మాస్టారి చోట్లో కొత్తవాళ్లు రాలేదు, పుస్తకాలు దసరా దాటాక వచ్చేవి, అదంతా నిజమే. అయినా నేను నా కొడుకుని అక్కడ చేర్చలేదన్నది కూడా నిజమే, ఆ బాధ నాకుంది.

వర్జీనియాలోని ఫార్మ్‌విల్‌లో మోటన్ స్కూలు గురించి కూడా చెప్పాలి. 180 మంది కోసం కట్టిన బడిలో 450 మందికి పైగా పిల్లలు, చాలక తారు కాగితం కప్పిన షెడ్లలో పాఠాలు. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల పిల్ల బడి మొత్తాన్ని సమ్మెకి దింపింది. ఆ కేసు కూడా 1954 తీర్పులో ఒక భాగం. దానికి ఆ కౌంటీ పెద్దలు ఏం చేశారంటే కలిపి చదివించడం ఇష్టం లేక 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులన్నీ తాళం వేసేశారు. ఐదేళ్లు! ఇప్పుడు ఆ పాత బిల్డింగు మ్యూజియం.

ఇండియానాపోలిస్‌లో క్రిస్పస్ అటక్స్ అని ఇంకో బడి, 1927లో తెరిచారు. ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆడిన బాస్కెట్‌బాల్ టీము 1955లో రాష్ట్ర కప్పు గెలిచింది, నల్లవాళ్ల బడి ఒకటి అలా గెలవడం ఆ దేశంలో అదే మొదటిసారి. గెలిచినవాళ్లని ఊరి మధ్య స్మారకం దగ్గర సంబరం చేసుకోనివ్వడం అక్కడి ఆనవాయితీ. వీళ్లని మాత్రం ఒక చుట్టు తిప్పి, నల్లవాళ్లుండే పేటలోని పార్కుకి తోలేశారు. 1986లో హైస్కూలు తరగతులు తీసేశారు. 2006లో మళ్లీ హైస్కూలైంది, వైద్యం వైపు వెళ్లే పిల్లల కోసం. అంటే ఇరవై ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు. ఈ ఒక్క ముక్క నేను మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

దానికి తొమ్మిది మంది బదులిచ్చారు. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉందని, తక్కువమంది మాట్లాడే భాషల పిల్లలకి ప్రాథమిక చదువు సొంత భాషలో అందేలా చూడమని 1956లోనే చేర్చారని మా క్లాస్‌మేట్ లాయరు గుర్తు చేశాడు. అతను కొత్తగా ఒక అర్జీ రాస్తున్నాడు, ముందు ఐదో తరగతి దాకా ఒక తెలుగు సెక్షన్ అయినా తెరవమని. అవుతుందో లేదో. ఈసారి సంతకం పెట్టేవాళ్లు తమ ఇంట్లో పిల్లల పేర్లు కూడా రాయాలని షరతు పెట్టాం. నా మనవరాలి పేరు మొదట రాశాను, మా కోడలు ఒప్పుకున్నాకే.

రిజిస్టర్ల పని ఆదివారాలు చేస్తున్నాం. హెడ్‌మాస్టరుగారు అనుమతిచ్చారు. ముగ్గురం కూర్చుని, ఒకరు పేజీ తిప్పితే ఒకరు ఫోన్‌తో ఫోటో తీస్తారు, నేను పేర్లు చదువుతుంటే గుమస్తా కుర్రాడు ఒడియాలో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. ళ దగ్గర, ఱ దగ్గర ఆగి అడుగుతాడు. మానిన కారణం అన్న గడిలో "కాపురమునకు వెళ్లినది" అని ఎన్నిసార్లు వచ్చిందో. "బర్మా వెళ్లిన తాతగారి వద్ద నుండి సొమ్ము రానందున" అని ఒకచోట ఉంది. ఇప్పటికి రెండు రిజిస్టర్లు అయ్యాయి.

మా పిన్ని పేరు మూడో దాంట్లో దొరికింది. పుట్టిన తేదీ ఓటరు కార్డులో ఉన్నదే సరైనది. తొమ్మిదో తరగతిలో మానేసింది, పక్కన మాస్టారి గుండ్రటి రాతలో "తల్లికి సాయముగా ఉండుటకు. చదువులో మొదటిది" అని ఉంది. కారణం గడిలో ఆ రెండో మాట రాయాల్సిన పని లేదు, అయినా ఆయన రాశారు. ఫోన్‌లో ఫోటో పెద్దది చేసి చూపిస్తే పిన్ని కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది, "ఆ రెండోది ఇంకోసారి చదువు" అంది.