హాగ్వార్ట్స్‌తో తెలుగు చుట్టరికం

తిను, పడుకో, లే, స్నానం చెయ్యి, చెప్పులు బయట విప్పు. బయటి దేశంలో పెరిగే పిల్లల తెలుగు చాలా ఇళ్లలో ఇక్కడే తిరుగుతూ ఉంటుంది. వాళ్లు మనసుపడ్డ సంగతి వచ్చేసరికి నోట్లోంచి ఇంగ్లీషే వస్తుంది. అది పిల్లల తప్పు కాదు. వాళ్లకు ఇష్టమైన వాటి దగ్గరికి మనం తెలుగును తీసుకువెళ్లం, అంతే. డల్లాస్‌లోనైనా లీడ్స్‌లోనైనా పదేళ్ల పిల్ల గంటసేపు ఆపకుండా మాట్లాడగల సంగతుల్లో హ్యారీ పాటర్ ఒకటి. తెలుగుకు కొత్త పని పెట్టాలంటే అంతకంటే మంచి చోటు వెతకడం కష్టం.

అందుకు దారి ఎనిమిది సినిమాల్లో కంటే, ఆ తర్వాత వచ్చిన పునస్సమాగమంలో, అంటే నటులు మళ్లీ కలిసి మాట్లాడుకున్న కార్యక్రమంలో, ఎక్కువ ఉంది. మొదటి సినిమా విడుదలై ఇరవై ఏళ్లయిన సందర్భంగా, 2022 జనవరి 1న 'రిటర్న్ టు హాగ్వార్ట్స్' (హాగ్వార్ట్స్ హ్యారీ చదివే మంత్రాల బడి) హెచ్‌బీవో మ్యాక్స్‌లో వచ్చింది. మన దేశంలో అదే రోజు అమెజాన్ ప్రైమ్ వీడియోలో చూశారు. హ్యారీగా నటించిన డేనియల్ ర్యాడ్‌క్లిఫ్, అతని స్నేహితులు రాన్, హెర్మియోనీలుగా నటించిన రూపర్ట్ గ్రింట్, ఎమ్మా వాట్సన్ లండన్ దగ్గర లీవ్స్‌డెన్ స్టూడియోలో పాత సెట్ల మధ్య కూర్చుని మాట్లాడుకున్నారు. ముగ్గురూ ముప్ఫైల్లో ఉన్నారు. మొదటి సినిమా వచ్చినప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బడికి వెళ్తున్నవాళ్లది కూడా ఇప్పుడు అదే ఈడు, వాళ్లకూ పిల్లలున్నారు. సినిమాలో హ్యారీ పిల్లల వైపు మనిషి. పునస్సమాగమంలో మాత్రం అతను అమ్మానాన్నల వైపు వచ్చి కూర్చుంటాడు. పిల్లలూ పెద్దలూ సమానంగా మాట్లాడుకోగల చోటు అది.

అయితే ముందు సినిమాలన్నీ పూర్తి కావాలి. తొందరపడి ఇది ముందు చూపిస్తే స్నేప్ మాస్టారి రహస్యం దగ్గర్నుంచి ఎవరెవరు చనిపోతారో అన్నీ బయటపడతాయి. ఎనిమిది సినిమాలూ కలిపి 1,179 నిమిషాలు, అంటే ఇరవై గంటలకు కొంచెం తక్కువ. అన్నిటికంటే పొడవైనది రెండోది, 161 నిమిషాలు. అన్నిటికంటే చిన్నది చివరిది, 130. వారానికి ఒకటి చొప్పున శుక్రవారం రాత్రి పెట్టుకుంటే రెండు నెలలు. చిన్నపిల్లలైతే ఒక్కో సినిమాను రెండు రాత్రులకు పంచండి. మొదటిదాన్ని బాత్రూమ్‌లో ట్రోల్ ఘట్టం అయ్యాక ఆపవచ్చు. రెండోదాన్ని హ్యారీ పాముతో మాట్లాడి అందర్నీ హడలగొట్టిన చోట ఆపితే మర్నాటి దాకా ఇంట్లో వేరే మాట ఉండదు.

వయసు సంగతి. అమెరికాలో మొదటి మూడింటికీ, ఆరోదానికీ పీజీ, అంటే పెద్దల సలహాతో చూడవచ్చు. మిగతా నాలుగింటికీ పీజీ-13, అంటే పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో మరింత జాగ్రత్త. బ్రిటన్‌లో మొదటి మూడూ పీజీ, నాలుగు నుంచి చివరిదాకా 12ఏ, అంటే పన్నెండేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లతోనే చూడాలి. ఆరోదానికి అమెరికాలో పీజీ అని ఉంది కదా అని ధీమాగా కూర్చోకండి, బడి పెద్ద డంబుల్‌డోర్ పోయేది అందులోనే. ఏడెనిమిదేళ్ల పిల్లలకు మొదటి రెండూ సరిపోతాయి. నాలుగో సినిమాలో శ్మశానంలో సెడ్రిక్ చనిపోయే ఘట్టం నుంచి కథ రంగే మారిపోతుంది. పదకొండు దాకా ఆగగలిగితే అక్కడ ఆగడం మంచిది. మీ ఓటీటీలో తెలుగు ఆడియో ఉన్నా మొదటిసారి అది పెట్టకండి. అలవాటైన గొంతులు మారితే పిల్లలు కోపం తెచ్చుకుంటారు, ఆ కోపం తెలుగు మీదికి మళ్లుతుంది. కంఠతా వచ్చిన ఘట్టాన్ని రెండోసారి చూసేటప్పుడు పెడితే నవ్వుకుంటూ వింటారు.

ఇప్పుడు అసలు పని. సినిమా చూసిన మర్నాడు కథలో వాళ్లకు తెలుగు వరసలు కలపమనండి. ఇంగ్లీషులో పెటూనియా ఉత్త 'ఆంట్'. ఆవిడ హ్యారీ వాళ్లమ్మ లిలీకి అక్క అని పుస్తకాల్లో ఉంది, కాబట్టి మనకు పెద్దమ్మ. ఈ ఒక్క మాటతో కథ బరువు మారిపోతుంది. అమ్మ లేని పిల్లాడికి అమ్మంత కావాల్సిన పెద్దమ్మ, వాణ్ని మెట్ల కింద అరలో పడుకోబెట్టింది. వెర్నన్ పెదనాన్న. డడ్లీ హ్యారీ కంటే నెల రోజులు పెద్ద, అంటే అన్నయ్య. తెలుగులో 'కజిన్' అన్న దూరం లేదు, పెద్దమ్మ కొడుకు అన్నే అవుతాడు. సిరియస్ నాన్నకు ప్రాణస్నేహితుడు కాబట్టి బాబాయి. తెలంగాణ ఇళ్లలో కాక అనో చిన్నాయన అనో అంటారు. 'గాడ్‌ఫాదర్' అన్న మాట క్రైస్తవ ఇళ్లలో తప్ప మిగతా పిల్లలకు పట్టుబడదు, బాబాయి అంటే మాత్రం వెంటనే అర్థమవుతుంది. అయిదో సినిమాలో పోయింది ఎవరో అప్పుడు తెలుస్తుంది.

చిక్కు వచ్చేది చివర్లోని పెళ్లిళ్లతో. జిన్నీ హ్యారీ భార్య. రాన్ జిన్నీకి అన్న, కాబట్టి హ్యారీకి బావ. స్నేహితులు కాస్తా బావా అంటే బావా అనుకునే వరస. రాన్ వాళ్లమ్మ మాలీ ఆంటీ అత్తయ్య అవుతుంది. మరి బావ భార్య హెర్మియోనీ? వరస ప్రకారం అక్క. వయసులో కూడా ఆమె హ్యారీ కంటే దాదాపు ఏడాది పెద్ద. ఆమెను తోబుట్టువులా చూస్తానని హ్యారీ రాన్‌కు చెప్పే మాట చివరి పుస్తకంలో ఉంది, ఆ మాటను తెలుగు వరస దానంతటదే నిజం చేస్తుంది. దీన్ని పలక మీదో కాగితం మీదో వంశవృక్షంలా గీయించండి. ఒక పెద్ద కాగితం, ఇరవై నిమిషాలు చాలు. పిల్లలు పొరపాటు పడేది అత్త–పిన్ని దగ్గర: నాన్న అక్కచెల్లెళ్లు అత్తలు, అమ్మ చెల్లెళ్లు పిన్నులు. కాగితం పూర్తయ్యాక పక్కనే మీ కుటుంబానిది గీయించండి. రాన్ పుట్టిన వీస్లీ ఇంటి ఏడుగురు పిల్లలు గుర్తున్న పిల్లకు గుంటూరులో ఉన్న నలుగురు మేనత్తల పేర్లు బరువేమీ కాదు.

తర్వాత మాటలు. పేర్లను ముట్టుకోకండి, వస్తువులను మాత్రం తెలుగు చేయండి. క్విడిచ్ ఆట క్విడిచే, మంత్రాలు రాని మగుల్ మగులే. వాండ్ మంత్రదండం. మాయమయ్యే దుప్పటి మాయశాలువా. స్నేప్ చెప్పేది పసర్ల పాఠం. ఆకులు నూరి పిండితే పసరు, అది అమ్మమ్మ వంటింట్లో ఉన్న మాటే. హ్యారీ పెంచే హెడ్విగ్ గుడ్లగూబ. దానికి పైడికంటి అన్న పాత పేరు కూడా ఉంది, పసుపుపచ్చ కళ్ల హెడ్విగ్‌కు అతికినట్టు సరిపోతుంది. మన ఊళ్లలో గుడ్లగూబ ఇంటి మీద వాలితే అపశకునమంటారు, కాబట్టి నానమ్మ మొహం చిట్లిస్తే ఎందుకో పిల్లకు ముందే చెప్పి ఉంచండి. మొదటి పుస్తకం తెలుగు అనువాదానికి పెట్టిన 'పరుసవేది' అన్న మాట కూడా నేర్పదగ్గదే. ఇనుమును బంగారం చేసే రాయి అని, బ్రిటన్‌లో ఆ పుస్తకానికి ఉన్న 'ఫిలాసఫర్స్ స్టోన్' అన్న పేరుకు సరిగ్గా తగిలే అర్థం అందులో ఉంది. అమెరికాలో పేరు మార్చినప్పుడు పోయింది ఆ అర్థమే.

పేరు ఎత్తకూడనివాడు అన్న భయం ఇంగ్లీషు పిల్లలకు కొత్త కావచ్చు, మనకు కాదు. రాత్రిపూట పాము అనకూడదు, పురుగు అనాలి. ఈ ఆచారం చెప్పగానే పిల్లల కళ్లు పెద్దవవుతాయి, ఎందుకంటే వోల్డెమార్ట్ కూడా పాముల మనిషే, పక్కనుండే పాము పేరు నాగిని. ఇక వోల్డెమార్ట్ తన ప్రాణంలో ఒక ముక్కను దాచుకునే హార్‌క్రక్స్ అంటే ఏమిటో తాతయ్యకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది, చిలకను పట్టుకుంటే గానీ వాడు చావడు. బాలనాగమ్మ కథ విని పెరిగినవాళ్లకు ఏడో సినిమా సగం తెలిసినట్టే.

అందుకే శనివారం ఉదయం ఊరికి ఫోన్. డల్లాస్‌లో వేసవి సమయంలో ఉదయం ఎనిమిదిన్నర అంటే అక్కడ రాత్రి ఏడు. నవంబరులో గడియారం మారాక ఎనిమిది అవుతుంది, తాతయ్య భోజనానికి లేచే వేళ అయితే ముందుకు జరపండి. లండన్‌కు తేడా వేసవిలో నాలుగున్నర, చలికాలంలో అయిదున్నర గంటలు. మాట్లాడేది పది నిమిషాలే. పిల్ల చేతిలో అయిదు తెలుగు మాటలు రాసిన చీటీ ఉండాలి, అంతకు మించితే పాఠం అయిపోతుంది. తాతయ్యకు ముందురోజే వాట్సాప్‌లో చెప్పాలి: "రేపు దండంతో యుద్ధం చేసే కథ చెబుతుంది నాన్నా, ఇంగ్లీషు కలిపినా ఆపకండి. అయిపోయాక మీరు బాలనాగమ్మ మొదలుపెట్టండి." ఈ ఏర్పాటు చెడేది రెండు చోట్ల. తాతయ్య ఊఁ ఊఁ అని ఊరుకుంటే పిల్ల నాలుగో నిమిషానికి వెళ్లిపోతుంది, ఆయన అడ్డుప్రశ్నలు వేయాలి. మనం పక్కన నిలబడి ఒత్తులు దిద్దితే ఇంకా ముందే వెళ్లిపోతుంది.

నాలుగో సినిమా తర్వాత ఆడపిల్లలున్న ఇంట్లో ఒక ప్రశ్న తప్పదు: పద్మ, పార్వతి మనవాళ్లేనా? హ్యారీ బడిలోని ఈ కవలల ఇంటిపేరు పాటిల్, అది మరాఠీ, కన్నడ ప్రాంతాలది. నటించిన అఫ్షాన్ ఆజాద్, షెఫాలీ చౌదరి ఇద్దరూ బంగ్లాదేశీ మూలాలున్న బ్రిటిష్ అమ్మాయిలు, నిజంగా కవలలు కారు. బడి పిల్లలను పంచే జట్లలో పుస్తకంలో పద్మ రావెన్‌క్లా, పార్వతి గ్రిఫిండోర్; సినిమాలో ఇద్దర్నీ ఒకే చోట పడేశారు. పుస్తకంలో పార్వతి నృత్యానికి జడలో బంగారు తీగ అల్లుకుని వస్తుంది. సినిమాలో వాళ్లకు నారింజ, గులాబీ రంగుల లంగాలు కట్టి, ఆ రాత్రి చాలాసేపు కుర్చీల్లో కూర్చోబెట్టారు. మన రంగున్న పిల్లలకు దొరికిన చోటు అంతే అన్నది నిజం, ఆ నిజాన్ని దాచి "మనవాళ్లు కూడా ఉన్నారు చూడు" అని సంబరపడవద్దు. పిల్ల బాధపడితే ఆ బాధ సబబైనదే.

రెండో సినిమాలో మాల్ఫోయ్ హెర్మియోనీని మడ్‌బ్లడ్ అని తిడతాడు, అంటే మంత్రాలు రానివాళ్ల ఇంట్లో పుట్టినది అని. శుద్ధ రక్తం అంటే ఏమిటని పిల్లలు అడిగితే నాజీల దాకా పరిగెత్తనక్కర్లేదు. పుట్టుక చూసి మనిషిని తక్కువ చేయడానికి మన భాషలో కులం అన్న మాట ఉంది. ఆ మాట పిల్లలు ఎప్పుడో ఏదో తెలుగు అసోసియేషన్ గొడవలో వినేకంటే, మాల్ఫోయ్ పక్కన పెట్టి మీ నోటితో వినడం మేలు.

ఇక పునస్సమాగమం. గంటా నలభై నిమిషాలు, నాలుగు అధ్యాయాలు, ఒక్కో అధ్యాయానికి రెండేసి సినిమాలు. మాటలే ఎక్కువ కాబట్టి పదేళ్ల లోపు పిల్లలు ఒక్క బిగిన కూర్చోరు. రెండు అధ్యాయాలు ఒక రోజు, రెండు మరో రోజు పెట్టండి. మూడో సినిమా దర్శకుడు అల్ఫోన్సో క్వారోన్ ముగ్గురినీ తమ పాత్ర మీద వ్యాసం రాయమన్న సంగతి పిల్లలకు బాగా నచ్చుతుంది. ఎమ్మా పేజీలకు పేజీలు రాసింది, డేనియల్ ఒక పేజీ, రూపర్ట్ అసలు ఇవ్వనే లేదు. ముగ్గురూ అచ్చం తమ పాత్రల్లాగే చేశారు. మీ ఇంట్లోనూ రాయించవచ్చు, తెలుగులో అయిదు వాక్యాలు.

నిదానంగా చూడాల్సింది అయిదో సినిమా నాటి మాటలు. ఆ రోజుల్లో వదిలేసి వెళ్లిపోదామనుకున్నానని ఎమ్మా చెబుతుంది, తనకూ అలాంటి ఆలోచనలు వచ్చాయని రూపర్ట్ అంటాడు. రోజూ కలిసి పనిచేస్తూ కూడా ఆ సంగతి అప్పట్లో ఒకరితో ఒకరు చెప్పుకోలేదు. ఆదివారం తెలుగు బడిలో పక్కపక్కన కూర్చునే పిల్లలదీ ఇదే పరిస్థితి. ఇంట్లో ఒక మనిషి, స్కూల్లో ఒక మనిషి కావడం తనొక్కదానికే కష్టమని ప్రతి పిల్లా అనుకుంటుంది. అక్కడ ఆపి, "నీకెప్పుడైనా అలా అనిపించిందా?" అని ఒక్కసారి అడిగి ఊరుకోండి. జవాబు రెండు వారాల తర్వాత కారులో రావచ్చు. మాల్ఫోయ్‌గా నటించిన టామ్ ఫెల్టన్ అంటే చిన్నప్పుడు ఎంత ఇష్టమో ఎమ్మా చెప్పే చోట మాత్రం రిమోట్ వెతుక్కోకండి, మీ మొహం మామూలుగా ఉంటే పిల్లలు గమనిస్తారు. రాన్, హెర్మియోనీ ముద్దు ఘట్టం అన్నాచెల్లెళ్లు ముద్దు పెట్టుకున్నట్టు ఇబ్బందిగా ఉందన్న మాట వినగానే, వరసల కాగితం గీసిన పిల్లలు పడీపడీ నవ్వుతారు.

మొదట విడుదల చేసినప్పుడు ఇందులో రెండు తప్పులు దొర్లాయి. ఎమ్మా వాట్సన్ చిన్ననాటి ఫోటో అనుకుని ఎమ్మా రాబర్ట్స్‌ది పెట్టారు, వీస్లీ కవలలుగా నటించిన ఫెల్ప్స్ అన్నదమ్ముల పేర్లు తారుమారు చేశారు. పట్టుకున్నది అభిమానులు. తర్వాత దిద్దారు.

చివర్లో పోయినవాళ్లను తలుచుకునే భాగాన్ని దాటవేయవద్దు. రిచర్డ్ హ్యారిస్ 2002లో, స్నేప్‌గా నటించిన అలన్ రిక్‌మన్ 2016లో, హెలెన్ మెక్‌క్రోరీ 2021లో వెళ్లిపోయారు. ఇందులో మాట్లాడిన, హాగ్రిడ్‌గా నటించిన రాబీ కోల్‌ట్రేన్ 2022 అక్టోబరు 14న పోయారు. తన పిల్లల తరం ఈ సినిమాలను తమ పిల్లలకు చూపిస్తుందని, అప్పటికి తను ఉండకపోయినా హాగ్రిడ్ ఉంటాడని ఆయన అందులో అన్నారు. మైకేల్ గ్యాంబన్ 2023 సెప్టెంబరు 27న, మ్యాగీ స్మిత్ మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన. ఏళ్లు చెప్పేసరికి పిల్ల వేళ్లు లెక్కపెట్టి తాతయ్య వయసు అడుగుతుంది. ఉన్న వయసే చెప్పండి. వచ్చే టికెట్టు ఎప్పటికో తెలిస్తే అదీ చెప్పండి.

మర్నాడు ఆఖరి ఫోన్. ఇంగ్లీషులో స్నేప్ ఎప్పుడూ 'హి'. తెలుగులో చెప్పే పిల్ల మాత్రం ఎటో ఒకవైపు తేల్చుకోవాలి. మొదటి ఏడు సినిమాలూ "వాడు" అనే చెప్పి ఉంటుంది. ఎనిమిదోదాని తర్వాత, రిక్‌మన్ బొమ్మ చూసిన తర్వాత, తాతయ్యతో "వాడు" అంటుందో "ఆయన" అంటుందో పక్క గదిలోంచి వినండి. దిద్దకండి.