మావాడు తిరిగి అనే మాటలు

మావాడికి ఆరేళ్లు. ఆటిజం ఉంది. "నీళ్లు కావాలా?" అని అడిగితే "నీళ్లు కావాలా?" అంటాడు. ఇంటికొచ్చినవాళ్లు మళ్లీ అడుగుతారు, ఈసారి గట్టిగా. వాడూ గట్టిగా అదే అంటాడు. "పాపం, అర్థం కావట్లేదు" అన్నట్టు నా వైపు చూస్తారు. వాడికి అర్థమైంది. కావాలి అంటున్నాడు. గ్లాసు చేతికిస్తే గటగటా తాగేస్తాడు. వద్దనుకుంటే ఆ మాట తిరిగి అనకుండా పక్కకి వెళ్లిపోతాడు.

దీన్ని ఎకోలాలియా అంటారు. మాటలొచ్చే వయసులో చాలామంది పిల్లలు కొన్నాళ్లు ఇలా చేసేదే. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. వీళ్లు "అవును" అనడానికి బదులు అడిగిన ప్రశ్ననే మళ్లీ అంటారని అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడైన లియో కానర్ 1943లోనే రాశాడు. అయినా చాలాకాలం దీన్ని మాన్పించాల్సిన అలవాటుగానే చూశారు. 1981లో బారీ ప్రిజాంట్, జుడిత్ డుకన్ అనే పరిశోధకులు ఆటిజం ఉన్న నలుగురు పిల్లల్ని వీడియో తీసి, మాటతో పాటు వాళ్ల చూపు ఎటుంది, చేతులు ఏం చేస్తున్నాయి అని కూడా గమనించారు. వెంటనే తిరిగి అనే మాటలతో పిల్లలు ఏడు రకాల పనులు చేస్తున్నారని తేల్చారు. అవుననడం, అడగడం, తన వంతుగా ఏదో ఒకటి మాట్లాడటం, తనలో తాను చెప్పుకుంటూ పని చేసుకోవడం అందులో కొన్ని.

మావాడికి ఆకలేస్తే వంటింట్లోకొచ్చి "అన్నం తింటావా?" అంటాడు. నేను అడిగే రాగంతో సహా. అందుకే మా స్పీచ్ థెరపిస్ట్ సలహా మీద ఇప్పుడు వాడి తరఫున మాట్లాడుతున్నాను. వాడు గిన్నె దగ్గరికి రాగానే "నాకు అన్నం కావాలి" అని నేనే అంటాను. వాడు ఎలాగూ మాటను మొత్తంగా పట్టుకుంటాడు కాబట్టి, వాడికి పనికొచ్చేలా ఉన్న మాటనే ఇవ్వాలి.

ఎప్పుడో విన్నది ఇంకెప్పుడో అన్నప్పుడు దాని అర్థం కనిపెట్టడం కష్టం. మా ఆడపడుచు గృహప్రవేశంలో సన్నాయి మేళం మొదలవగానే మావాడు చెవులు మూసుకుని "దయచేసి వినండి, ట్రైన్ నంబర్..." అని అందుకున్నాడు. అందరూ "భలే చెప్తున్నాడే!" అని ముచ్చటపడ్డారు. మా అత్తమ్మ మాత్రం "దా బిడ్డా" అని వాణ్ని మెట్ల మీదుగా డాబా మీదికి తీసుకెళ్లింది. సికింద్రాబాద్ స్టేషన్‌లో జనం, హారన్ల మధ్య వాడు బెదిరిపోయి ఏడ్చినప్పుడు పైన మోగుతున్న అనౌన్స్‌మెంట్ అదేనని ఆమెకి గుర్తుంది. పైన గోల తగ్గింది. వాడి నోట ఆ మాటా ఆగింది.

కానర్ 1946లో రాసిన ఒక పిల్లవాడి సంగతి చదివినప్పుడు నాకు మా అత్తమ్మే గుర్తొచ్చింది. ఐదేళ్ల ఆ పిల్లవాడు క్లినిక్‌లో "కుక్కని బాల్కనీ నుంచి పారేయకు" అన్నాడు. అక్కడ కుక్కా లేదు, బాల్కనీ లేదు. అంతకు మూడేళ్ల ముందు లండన్‌లో ఒక హోటల్ బాల్కనీ నుంచి బొమ్మకుక్కని విసిరేస్తుంటే వాళ్లమ్మ విసుగ్గా అన్న మాట అది. ఏదైనా విసరాలనిపించినప్పుడల్లా ఆ మాటతో తనను తాను ఆపుకునేవాడట. ఆ తల్లికి గుర్తుండబట్టి తెలిసింది. ఇంట్లోవాళ్లు చెప్పకపోతే ఎంత చదివిన డాక్టరైనా ఇది కనిపెట్టలేడు.

ప్రతి మాట వెనకా ఇలాంటి కథ దొరుకుతుందని చెప్పను. కొన్ని మాటలు వాడికి ఆ చప్పుడు నచ్చి అంటాడు, అననిస్తాం. ఈమధ్య ఆన్‌లైన్‌లో దీనికోసమని ఖరీదైన కోర్సులు అమ్ముతున్నారు. వాటిలో చెప్పే పద్ధతులకి గట్టి పరిశోధన ఇంకా తక్కువే. డబ్బు కట్టేముందు మీ థెరపిస్ట్‌ని అడగండి.

మా వీధిలో ఆటోవాడు మైకులో "ఉల్లిగడ్డలమ్మా ఉల్లిగడ్డలు" అని అరుస్తాడు. మావాడు నెలల తరబడి అదే అన్నాడు. మొన్న ఆదివారం పొయ్యి మీద పెనం చూసి "దోసెలమ్మా దోసెలు" అన్నాడు. విన్న మాటని విప్పి, అందులో తనకి కావాల్సింది పెట్టుకున్నాడు! థెరపిస్ట్‌కి వెంటనే మెసేజ్ పెట్టాను. స్కూల్లో మాత్రం "చిలకపలుకులు మాన్పించండి" అని డైరీలో రాసి పంపుతూనే ఉన్నారు. సోమవారం వెళ్లి టీచర్‌తో మాట్లాడతాను. వాడి మాటలు, వాటి అర్థాలు ఒక కాగితం మీద రాసిపెట్టాను. అత్తమ్మ కూడా వస్తానంటోంది.