పెద్దమ్మ నోటికి ఎర్రకాంతి చికిత్స

మా పెద్దమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు పల్లె. అక్కడి పాతతరం ఆడవాళ్లలో చాలామందిలాగే ఆమె కూడా చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల ఉంచుకుని అడ్డపొగ తాగేది. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగలడం వల్ల ఆ ప్రాంతంలో అంగిలి క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తుంది. ఆమెకూ అదే వచ్చింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి, తీసేసిన అంగిలి స్థానంలో పలక అమర్చాక, రేడియేషన్ తప్పదన్నారు.

రేడియేషన్ మొదలైన రెండు మూడు వారాలకు నోటి లోపలి పొర ఊడి పుండ్లు పడతాయని, మింగలేకపోతే ముక్కులోంచి గొట్టం వేయవలసి రావచ్చని, ఆ బాధ తట్టుకోలేక కొందరు చికిత్సను మధ్యలో ఆపేస్తారని, అలా ఆపితే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరిగే వ్యవధి దొరుకుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. పుండ్లను తగ్గించే ఎర్రకాంతి చికిత్స గురించి నేను అడిగినప్పుడు, ఆ యంత్రం వేరే భవనంలోని దంతవైద్య విభాగంలో ఉందని తెలిసింది. మొదటి రోజు నుంచే ఆమెను రేడియేషన్‌కు ముందు అక్కడికి తీసుకువెళ్లాం.

పలక తీసి నోరు పుక్కిలించాక ఆమెకూ, నాకూ, సిస్టరుగారికీ రక్షణ కళ్లద్దాలు పెట్టేవారు. "ఇదీ కాలుతాదేటమ్మా?" అని తొలిరోజు పెద్దమ్మ అడిగితే, వేడే తెలియదని సిస్టరుగారు ధైర్యం చెప్పారు. సన్నటి కడ్డీ కొసను పెదవుల లోపలి వైపు, బుగ్గల లోపల, నాలుక అంచుల మీద ఒక్కో చోట కొద్ది సేపు ఉంచి పక్కకు జరిపేవారు. బుగ్గకు ఆనించినప్పుడు బయటి చర్మం కూడా ఎర్రగా మెరిసేది. కణితి తీసేసిన చోటికి మాత్రం, ముందుజాగ్రత్తగా, కాంతి తగలనిచ్చేవారు కాదు.

సుమారు 630 నుంచి 670 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఈ కాంతిని కణాల్లోని మైటోకాండ్రియా గ్రహించి మరింత శక్తిని తయారుచేయడం వల్ల గాయం త్వరగా మానుతుందని వైద్యులు వివరిస్తారు. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు గొరిగిన ఎలుకల వీపు మీద లేజర్ వేసినప్పుడు వెంట్రుకలు త్వరగా పెరగడం గమనించడంతో ఈ పరిశోధన మొదలైంది. మన దేశంలో మణిపాల్‌లో తల, మెడ క్యాన్సర్ రోగులపై జరిగిన పరీక్షల్లోనూ తీవ్రమైన పుండ్లు తగ్గాయి. 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇలాంటి రోగులకు దీనిని సిఫారసు చేశాయి.

పెద్దమ్మకు పుండ్లు రానే లేదని చెప్పను. మూడో వారం తర్వాత కారం వాసనకే కళ్లు నీళ్లు పెట్టుకునేది. అయినా గంజి, రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం మింగగలిగింది, గొట్టం అవసరం పడలేదు, రేడియేషన్ ఒక్కరోజూ ఆగలేదు. ఉప్పు, వంటసోడా కలిపిన నీటితో రోజూ పుక్కిలించడం కూడా ఇందుకు తోడ్పడి ఉంటుంది.

చూడటానికి వచ్చిన బంధువులు మోకాళ్ల నొప్పులకు, ముఖం మీది ముడతలకు ఇలాంటి దీపాలే కొనుక్కోవచ్చా అని నన్ను అడిగారు. తరంగదైర్ఘ్యం, మోతాదు, వ్యవధి మారితే ఫలితమూ మారుతుంది కనుక, నోటి పుండ్ల విషయంలో ఉన్నంత గట్టి ఆధారం ఇంట్లో వాడే ప్రతి దీపానికీ ఉందని నేను చెప్పలేదు. రేడియేషన్‌కు సిద్ధమవుతున్న కుటుంబాలకు మాత్రం, ఈ సదుపాయం ఉందా అని మొదటి సిటింగ్‌కు ముందే అడగమని గట్టిగా చెబుతున్నాను. పుండ్లు పడ్డాక మొదలుపెట్టడం కంటే ముందునుంచే తీసుకోవడం మేలు.