శనివారం చివరి పీరియడ్

మనం తొమ్మిదో తరగతి చదివిన 1987–88లో శనివారం చివరి పీరియడ్ అంటే ఏమిటో మన బ్యాచ్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మన బ్యాచ్ మళ్ళీ కలుసుకోబోతున్న సందర్భంలో, మన తర్వాత చదివిన వాళ్ళ కోసం రాస్తున్నాను. ముందు పీరియడ్ గంట కొట్టగానే అబ్బాయిలు బల్లలెక్కి సైన్స్ గది కిటికీలకి దుప్పట్లు కట్టేవారు. ఆరు కిటికీలు, ఆరు దుప్పట్లు. అందులో ఒకటి మా అమ్మమ్మ బొంత. అమ్మాయిలం ఎడమవైపు చాప మీద కూర్చునేవాళ్ళం. మన సైన్స్ మాస్టారు టీవీ మీద కప్పిన గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "ఇరవై నిమిషాలే. కళ్ళు తెరుచుకుని చూడండర్రా" అనేవారు.

మాస్టారి పెద్దబ్బాయి అప్పట్లో అమెరికాలో చదువుకునేవారు. పాత సినిమా సీరియళ్ళ వీడియో క్యాసెట్లు అక్కడ చవగ్గా దొరికితే కొని, ఇటు వస్తున్న ఎవరితోనో పంపించారు. రెండు సీరియళ్ళు. ఒకటి 1936లో యూనివర్సల్ వాళ్ళు తీసిన ఫ్లాష్ గోర్డన్, 13 అధ్యాయాలు. రెండోది 1952లో రిపబ్లిక్ వాళ్ళు తీసిన రాడార్ మెన్ ఫ్రమ్ ద మూన్, 12 అధ్యాయాలు. మొదటి శనివారం అద్దె వీసీఆర్‌లో (వీడియో క్యాసెట్లు వేసే యంత్రం) పెడితే బొమ్మ నిలబడలేదు, పైనుంచి కిందికి దొర్లుతూనే ఉంది. అమెరికా క్యాసెట్‌లో సెకనుకి 30 బొమ్మలు, ఒక్కో బొమ్మకి 525 గీతలు. మన పద్ధతిలో 25 బొమ్మలు, 625 గీతలు. మాస్టారు ఆ తేడాని బోర్డు మీద వేసి చెప్పేసరికి ఇంటిగంట కొట్టేశారు. మన క్లాసు అబ్బాయి వాళ్ళ నాన్నగారు కువైట్ నుంచి తెచ్చిన, రెండు పద్ధతులూ ఆడించే మల్టీసిస్టమ్ టీవీ, వీసీఆర్ ఉన్నాయని తెలిసి, మాస్టారే వాళ్ళింటికి వెళ్ళి అడిగారు. అప్పటినుంచి ఆ రెండూ ప్రతి శనివారం రిక్షాలో పరుపు మీద కూర్చుని బడికొచ్చేవి.

ఇప్పటి పిల్లలకి సీరియల్ అంటే టీవీలో రోజూ వచ్చేదే. ఇవి అవి కావు, సినిమా హాల్లో వేసేవి. అమెరికాలో 1930ల నుంచి 1950ల మధ్య దాకా పిల్లలు శనివారం మ్యాట్నీకి వెళితే, అసలు సినిమాతో పాటు పదిహేను ఇరవై నిమిషాల అధ్యాయం ఒకటి వేసేవారు. హీరో లోయలో పడుతుండగానో, గది నిండా నీళ్ళు వచ్చేస్తుండగానో ఆపేసేవారు. మళ్ళీ వారం డబ్బులు పెట్టుకుని రావలసిందే. మన వారపత్రికల్లో కథ మంచి పట్టులో ఉండగా "సశేషం" అని వేసేవారు కదా, అదే సంగతి. ఆదివారం పొద్దున దూరదర్శన్ రామాయణం కోసం ఎదురుచూడడం మనకి అలవాటే. ఈ ఎదురుచూపు వేరు. ఇందులో తర్వాత ఏమవుతుందో ఇంట్లో ఎవరికీ తెలీదు, అడిగినా చెప్పలేరు.

పక్క డబ్బాలోనే తర్వాతి అధ్యాయాలున్నా మాస్టారు ఎంత బతిమాలినా వేయలేదు. "తర్వాత ఏమవుతుందో వచ్చే వారం ఎలాగూ తెలుస్తుంది. ఇది ఎలా తీశారో చెప్పండి" అనేవారు. నోటుపుస్తకం వెనకపేజీల్లో ఎవరికి తోచింది వాళ్ళం రాసుకుని సోమవారం చూపించాలి. మార్కులు లేవు. అయినా ఆ పేజీల కోసం మనం పడ్డ తాపత్రయం పరీక్షలకి కూడా పడలేదు.

మొదట పట్టుకున్నది పొగ. ఫ్లాష్ గోర్డన్ రాకెట్ అంతరిక్షంలో పోతుంటే వెనక నిప్పురవ్వలు రాలుతూ పొగ వస్తుంది. అది బారుగా వెనక్కి పోదు, వంకర తిరిగి పైకి లేస్తుంది. మా పక్కన కూర్చునే అమ్మాయి, "మా ఇంట్లో పొయ్యి పొగ కూడా ఇలాగే పోతుందండీ మాస్టారూ" అంది. ఆయన వెంటనే టేపు ఆపి వెనక్కి తిప్పి మళ్ళీ వేశారు. పొగ ఎందుకు పైకి పోతుంది? వేడిగాలి తేలిక కాబట్టి. చుట్టూ గాలి లేకపోతే? పైకి పోవడానికి కారణం లేదు. అసలు అంతరిక్షంలో పైన ఏది, కింద ఏది? మరి ఈ రాకెట్ ఎక్కడుంది? స్టూడియోలో, గాలి ఉన్నచోట, తీగకి వేలాడుతోంది. ఒక్కో మెట్టూ మా చేతే ఎక్కించారు. చివరి మాట ఎవరన్నారో గుర్తులేదు గానీ, గదంతా ఒక్కసారి "ఓ" అని అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. సంవహనం గురించి పాఠ్యపుస్తకంలో ఉన్నది ఎన్నిసార్లు చదివినా అంటనిది ఆ పొగతో అంటుకుంది.

ఆ సీరియల్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది గద్దమనుషుల రాజు వల్టాన్ ఊరు. ఊరికి ఊరే ఆకాశంలో కిరణాల మీద తేలుతూ ఉంటుంది. ఆ కిరణాలు ఆరిపోకుండా బానిసలు కొలిమిలోకి రేడియం ఎత్తిపోస్తుంటారు, పారలతో, బొగ్గు పోసినట్టు! క్యూరీ దంపతులు టన్నులకొద్దీ ఖనిజాన్ని ఉడకబెట్టి, వడకట్టి, చివరికి గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడ్ తీశారని మాస్టారు ఆ రోజే చెప్పారు. ఒకే వారంలో ఈ రెండూ విన్న పిల్లలకి రేడియం అనే మాట జన్మలో మరుపు రాదు.

ఆ సెట్లు ఎక్కడివో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. కథలో విలన్ అయిన మింగ్ చక్రవర్తి కోటలో ఉన్న పెద్ద విగ్రహం 1932లో అదే యూనివర్సల్ కంపెనీ తీసిన ద మమ్మీ సినిమా కోసం చేసింది. ప్రయోగశాలలో చిటపటలాడే కరెంటు యంత్రాలు కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ అనే ఆయన ఫ్రాంకెన్‌స్టైన్ సినిమాలకి తయారుచేసినవి. రాకెట్ కూడా 1930 నాటి వేరే సినిమాలోదే. సీరియళ్ళలో ఇది ఖరీదైనదే అయినా ఇంతలా సర్దుకున్నారు. కొమ్ములు అతికించిన బల్లిని దగ్గరగా తీసి రాక్షసబల్లి అని చూపించినప్పుడు మనవాళ్ళు "విఠలాచార్య! విఠలాచార్య!" అని చప్పట్లు కొట్టారు. అది వెక్కిరింత కాదు. ఉన్న సామానుతోనే లోకాలు సృష్టించే మనిషి అంటే మనకి తెలిసిన పేరు అదే.

ఒక మాట మాత్రం చెప్పాలి. అందులో హీరోయిన్ డేల్ ఆర్డెన్ ప్రతి వారం కెవ్వుమని అరిచి స్పృహ తప్పేది. అమ్మాయిలకి ఎవరికీ నచ్చలేదు. మింగ్ కూతురు ఆరా అలా కాదు. ఆమెకి కావలసింది ఏమిటో ఆమెకి తెలుసు, తండ్రికి ఎదురు నిలిచి సొరంగాల్లో పరుగెత్తేది. చెడ్డదైనా ఆమెనే మేం మెచ్చుకున్నాం. ఆ సంగతి నా నోటుపుస్తకంలో రాస్తే మాస్టారు పక్కన పెద్ద టిక్కు పెట్టారు.

దసరా సెలవులు దాటి కొన్ని వారాలు గడిచాక రెండో సీరియల్ మొదలైంది. కథ మొదటిదానంత బాగుండదు, చంద్రుడి మీద శత్రువులున్నా ఎక్కువ భాగం భూమి మీద కార్ల వెంట కార్లు పరుగెత్తడమే. కానీ అందులో హీరో కమాండో కోడీ ఎగిరేవాడు. తోలుకోటు, వీపున రెండు రాకెట్లు, తూటా ఆకారంలో లోహపు టోపీ. ఛాతీ మీద బిళ్ళ, దానికి మీటలు: పైకి–కిందికి, వేగం–నెమ్మది, ఆన్–ఆఫ్. ఇంతే! ఎగరడానికి మనిషికి ఇంకేం కావాలి?

ఎలా ఎగిరాడన్నది మూడు వారాలు ఎవరూ కనిపెట్టలేదు. తీగ అన్నాం గానీ, తీగకి కట్టిన మనిషి ఊగాలి కదా. ఇతను బాణంలా పోతున్నాడు. మాస్టారు, "చేసి చూడండి" అన్నారు. అబ్బాయిలు గడ్డితో బొమ్మ చేశారు. మేం అట్టతో టోపీ చేసి సిగరెట్ పెట్టెల్లోని వెండికాగితం అంటించాం. సైన్స్ గది చూరు నుంచి వేపచెట్టు మొదలు దాకా బైండింగ్ వైరు లాగి బొమ్మని వదిలితే సగం దూరంలో గిర్రున తిరిగి తలకిందులైంది. ఎన్నిసార్లు వదిలినా అంతే. బరువంతా తీగకి ఏ వైపుందో చూడమన్నారు మాస్టారు. అప్పుడు పక్కపక్కనే రెండు తీగలు లాగి, బొమ్మ భుజాల దగ్గర రెండు, కాళ్ళ దగ్గర రెండు దారపు రీళ్ళు కట్టి వదిలాం. కోడీ చెట్టు దాకా తిన్నగా వెళ్ళాడు. కింద నిలబడ్డ ఆరో తరగతి పిల్లలు దాని వెంట పరుగెత్తారు.

రిపబ్లిక్ కంపెనీలో హోవర్డ్, థియోడర్ లైడెకర్ అనే అన్నదమ్ములు చేసింది దాదాపు ఇదే. నిలువెత్తు బొమ్మని తీగల మీద కప్పీలతో జార్చారు, ఆరుబయట, నిజమైన కొండల ముందు, ఎండలో. అందుకే అంత నిజంగా ఉంటుంది. 1941లో కెప్టెన్ మార్వెల్ సీరియల్‌కి అలాగే తీశారు. పైకెక్కుతున్నట్టు కనిపించాలంటే బొమ్మని వెనక్కి జార్చి ఫిల్మ్‌ని తిరగేసి వేసేవారు. పైకెగిరే మొదటి గెంతు మాత్రం స్టంట్ మనిషిది. మనం చూసిన కోడీ ఎగిరే దృశ్యాలు చాలావరకు 1949లో తీసిన ఇంకో సీరియల్ నుంచి తెచ్చి అతికించినవే. మొత్తం 12 అధ్యాయాలకీ అయిన ఖర్చు రెండు లక్షల డాలర్ల లోపే. ఈ వివరాలన్నీ పుస్తకాల్లో చదివిన రోజు నేను తట్టుకోలేక మాస్టారికి ఉత్తరం రాశాను. "మన దారపు రీళ్ళు సరైనవేనన్నమాట" అని కార్డు వచ్చింది.

ఇక ఒక దొంగ దూకుడు సంగతి. ఒక అధ్యాయం చివర కోడీ ఉన్న కారు లోయ అంచు దాటి పడిపోయి ముక్కలైంది. లోపల మనిషి దిగలేదు, మనం అందరం చూశాం. వారమంతా టెన్షన్. తర్వాతి శనివారం అదే కారు, అదే లోయ. కానీ ఈసారి అంచు దగ్గరికి రాకముందే అతను తలుపు తీసుకుని దూకేశాడు! గదంతా గోల. "అబద్ధం మాస్టారూ, పోయిన వారం దూకలేదు!" ఒకడికి ఏడుపొచ్చింది. మాస్టారు గోల ఆపమనలేదు. పోయిన వారం చివరి భాగం, ఈ వారం మొదటి భాగం మార్చి మార్చి రెండుసార్లు వేసి చూపించారు. మనం చెప్పిందే నిజం. కింద పడిన కారు మోడల్ కూడా వేరేదని అప్పుడే ఒకబ్బాయి పట్టుకున్నాడు. ఏదో పాత సినిమా ముక్క. మాస్టారు అన్నారు: "మీకు కోపం రావడం మంచిదే. చూసింది చూసినట్టు గుర్తుంచుకున్న వాళ్ళకే కోపం వస్తుంది."

ఆ తర్వాతి వారమే మనకి లోలకం ప్రయోగం. లోలకం పొడవుని సెంటీమీటర్లలో తీసుకుని, ఆవర్తన కాలం (ఒకసారి ఊగి తిరిగి రావడానికి పట్టే సెకన్లు) వర్గంతో భాగిస్తే 24.8 రావాలని పై క్లాసు వాళ్ళ రికార్డుల్లో చూసుకున్నాం. నాకు మొదటిసారి 23.1 వచ్చింది. రెండోసారి 26 చిల్లర. వెనకనుంచి లెక్క కట్టి సెకన్లు సరిచేసుకుని 24.8 రాసేశాను. అందరూ అంతే. మాస్టారు రికార్డులన్నీ బల్ల మీద పెట్టి, ఒక్కొక్కటే తెరిచి చూసి, "అందరికీ 24.8 వచ్చిందా?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. "అమ్మాయ్, కారు పడకముందే దూకేశావా?" అని నన్నడిగారు. కోప్పడలేదు, తిట్టలేదు. నేను రబ్బరు తీసుకుని సెకన్లు చెరిపేసి 23.1 రాశాను. దాని పక్కన ఆయన సంతకం పెట్టి, దారం పొడవు గుండు మధ్య వరకు కొలవాలని చెప్పి, మళ్ళీ చేయించారు. నేను గుండు పైఅంచు దాకానే కొలిచాను. తప్పు అక్కడుంది. సెకన్లు సరిచేసుకుని ఊరుకుని ఉంటే ఆ తప్పు ఎప్పటికీ దొరికేది కాదు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి 26 ఏళ్ళు. ప్రతి ఏడూ మొదటి ల్యాబ్ రోజున పిల్లలకి ఆ రెండు ముక్కలూ ల్యాప్‌టాప్‌లో చూపిస్తాను, కారుతో పడినదీ, ముందే దూకినదీ. ఆ తర్వాత రికార్డులో అనుమానం వచ్చినచోట పక్కన "దూకావా?" అని రాస్తే చాలు, వాళ్ళకి అర్థమవుతుంది.

అమెరికాలో ఇలాంటి సినిమా సీరియళ్ళు తీయడం 1956తో ఆగిపోయింది. టీవీ ఇంటికొచ్చాక శనివారం హాలుకి వెళ్ళే పిల్లలు తగ్గారు. వాటిని టీవీలో చూస్తూ పెరిగిన జార్జ్ లూకాస్ ఫ్లాష్ గోర్డన్ హక్కులు అడిగితే దొరకలేదు, సొంతంగా స్టార్ వార్స్ రాసుకుని 1977లో విడుదల చేశాడు. దాని మొదట్లో వెనక్కి వాలుతూ పోయే అక్షరాలు 1940 నాటి ఫ్లాష్ గోర్డన్ సీరియల్‌లోవి లాంటివే.

మన కలయిక రోజున భోజనాలయ్యాక ఒక అరగంట నాకివ్వండి. సైన్స్ గది అలాగే ఉందని మొన్న వెళ్ళి చూసి వచ్చాను. వేపచెట్టు కూడా ఉంది, బైండింగ్ వైరు కట్టిన చోట బెరడు మీద గాడి కనిపిస్తోంది. ఫ్లాష్ గోర్డన్ 13 అధ్యాయాలూ పెన్‌డ్రైవ్‌లో తెస్తాను. మొదటిది ఒక్కటే వేద్దాం. కిటికీలు అవే ఆరు. అమ్మమ్మ బొంత నా దగ్గరే ఉంది. మిగతా అయిదు దుప్పట్లు మీరు తీసుకురండి.