నొప్పి పోయింది, బలం రాలేదు

రెండో పరుగు కోసం తిరిగాను. బ్యాటు క్రీజులో ఆనించి, బాగా ఒంగి, కుడికాలి మీద బలం వేసి లేచాను. మూడు అడుగులు పడ్డాయో లేదో, తొడ వెనక ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయింది. నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నాలుగో అడుగు వేయలేకపోయాను.

అప్పుడు నాకు 36 ఏళ్లు. వారం రోజులు ఐస్, విశ్రాంతి. తర్వాత రోజూ కాలు బల్ల మీద పెట్టి సాగదీశాను. మూడు వారాలకి నడకలో నొప్పి లేదు, మెట్లెక్కుతుంటే లేదు. నాలుగో ఆదివారం మ్యాచ్‌కి వెళ్లాను. నేను మీడియం పేస్ వేస్తాను. మొదటి స్పెల్‌లో నాలుగు ఓవర్లూ హాయిగా వేశాను. తర్వాత ఫైన్ లెగ్‌లో ఇరవై నిమిషాలు ఊరికే నిలబడ్డాక బంతి నా పక్కనుంచి బౌండరీ వైపు పోయింది. దాని వెంట పడ్డాను. మళ్లీ అదే కాలు, అదే చోటు. ఈసారి రెండు రోజుల్లో నీలం మోకాలి వెనక దాకా దిగింది. మొదటిసారి మూడు వారాలతో అయిపోయిందనుకున్నది రెండోసారి తొమ్మిది వారాలు తీసుకుంది.

తొడ వెనక దెబ్బ తగిలి మానినవాళ్లు చాలామంది నాలాగే తిరిగొస్తారు. నొప్పి పోయిందంటే కండరం మునుపటిలా అయిందనుకుంటారు. ఈ గాయం ఒకసారి అయినవాళ్లకి మళ్లీ అయ్యే ప్రమాదం ఎక్కువ, వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. నాకు రెండూ ఉన్నాయి. అందుకే ఇదంతా ఇంత వివరంగా రాస్తున్నాను.

మైదానంలో మనం దీన్ని 'నరం పట్టేసింది' అంటాం. పట్టింది నరం కాదు, కండరం. మాటదేముందిలే అనిపించవచ్చు గానీ, నరం అనుకుంటే దాన్ని లాగి వదులు చేయాలనిపిస్తుంది, చిరిగిన కండరాన్ని మొదటి రోజుల్లో గట్టిగా లాగితే ఇంకా చెడుతుంది. నిజంగా నరం సమస్య కూడా ఉంటుంది, నడుము దగ్గర నరం నొక్కుకుపోయినా తొడ వెనకే నొప్పి రావచ్చు. దెబ్బ ఏమీ తగలకుండా నొప్పి మొదలై పాదం దాకా జివ్వుమని లాగుతుంటే అది వేరే లెక్క, డాక్టరుకే చూపించాలి. 'టప్' మని శబ్దం వచ్చినా, కాలు మోపలేకపోయినా, కూర్చునే ఎముక దగ్గరే నొప్పి ఉన్నా అంతే. వ్యాయామాల సంగతి ఆ తర్వాత.

ఈ తొడ వెనక కండరాన్నే హ్యామ్‌స్ట్రింగ్ అంటారు. అది ఒక కండరం కాదు, మూడు. కూర్చున్నప్పుడు బల్లకి ఆనే ఎముక దగ్గర మొదలై, మోకాలు దాటి కిందికి అతుక్కుంటాయి. తుంటినీ మోకాలినీ రెండింటినీ కదిలించాలి కాబట్టి వీటికి పని ఎక్కువ. మోకాలు మడవడానికే ఇవి ఉన్నాయని నేను చాన్నాళ్లు అనుకున్నాను. నన్ను చూసిన ఫిజియో మేడమ్ ఒక్క వీడియోతో ఆ అభిప్రాయం మార్చేశారు. నెమ్మదిగా నడిపిన పరుగు వీడియో అది. కాలు ముందుకు విసిరినప్పుడు మోకాలి కింది భాగం గేటు తలుపులా ముందుకి ఊగుతుంది. పాదం నేలని తాకేలోపు ఆ ఊపుని ఆపాల్సింది ఈ కండరాలే. ఆ క్షణంలో అవి సాగుతూనే బిగుసుకోవాలి. నిండు బిందెని బావిలోకి తాడుతో దించేటప్పుడు చేతులు చేసేది ఇదే పని. తాడు వదులుతూనే ఉండాలి, పట్టు పోకూడదు. పరుగులో కండరం ఎక్కువగా చిరిగేది అక్కడే, అదీ ఎక్కువగా బయటి వైపు కండరంలో.

క్రికెట్‌లో ఈ బిందె చాలాసార్లు దించాలి, అదీ ఉన్నపళంగా. పరుగు తీసేటప్పుడు క్రీజు నుంచి క్రీజుకి 17.68 మీటర్లు. అందులోనే వేగం అందుకోవాలి, ఆగాలి, ఒంగాలి, తిరగాలి. పైగా ప్యాడ్లు. బౌలర్‌కి ఇంకో కష్టం ఉంది. ముందు కాలు నేలకి తన్ని మోకాలు నిలబెట్టి ఉంచుతాడు, ఒళ్లంతా ఆ కాలి మీదుగా ముందుకి ఒరుగుతుంది, శరీర బరువుకి ఎన్నో రెట్ల బలం ఆ ఒక్క కాలి మీద పడుతుంది. ఫుట్‌బాల్ వాళ్లు ఆటంతా కదులుతూనే ఉంటారు. మనం గంట కూర్చుని లేచి పరుగెత్తుతాం.

మేడమ్ మొదట చేసిన పరీక్ష ఇది. వెల్లకిలా పడుకుని, ఒక మడమ కుర్చీ మీద పెట్టి, రెండో కాలు గాల్లో ఉంచి, నడుము పైకి లేపి దించాలి. ఆగిపోయే దాకా లెక్క పెట్టాలి. ఎడమ కాలితో 27 చేశాను. కుడికాలితో 11 దగ్గర వణుకు మొదలైంది, 14 దగ్గర ఆగిపోయింది.

"నొప్పి ఉందా?" అన్నారు.

"లేదు మేడమ్."

"చూశారా, నొప్పి లేదు. సగం బలమే ఉంది. మీరు దీన్నే మ్యాచ్‌కి తీసుకెళ్లారు."

అక్కణ్నుంచి మొదలుపెట్టాం. మొదటి రెండు వారాలూ రెండు కాళ్లతో బ్రిడ్జి, అంటే వెల్లకిలా పడుకుని నడుము పైకి లేపడం, పాదాలు కాస్త కాస్త దూరం జరుపుతూ. పాదం ఎంత దూరం జరిగితే తొడ వెనక అంత బరువు పడుతుంది. తర్వాత ఒంటి కాలు. ఆ తర్వాత సాక్సులు వేసుకుని నున్నటి గచ్చు మీద పడుకుని, నడుము పైకి లేపి ఉంచి మడమల్ని నెమ్మదిగా ముందుకి జారనివ్వడం. వెనక్కి లాక్కోవడం మొదట్లో అవసరం లేదు, జారనివ్వడమే ముఖ్యం. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ ఆరోది చేసేసరికి తొడ మండిపోయింది.

పక్కనే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ కూడా. పుస్తకాల సంచీ చేత్తో పట్టుకుని, మోకాళ్లు కొంచెమే వంచి, వీపు తిన్నగా ఉంచి, తుంటిని వెనక్కి నెట్టి ఒంగడం. ఒంటి కాలి మీద చేస్తే ఇది అచ్చం బంతి వదిలాక ముందుకి ఒరిగే ఫాలో త్రూలా ఉంటుంది, అందుకని నాకు ఇష్టం. వీపు గుండ్రంగా వంగిందంటే బరువు తగ్గించుకోవాలి.

ఇక నార్డిక్ అనే వ్యాయామం. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను. మోకాళ్ల కింద మెత్తగా దుప్పటి మడత, మడమలు కదలకుండా ఏదైనా గట్టి ఆసరా కింద. నేను బరువైన మంచం పట్టె కింద, తువ్వాలు చుట్టి పెడతాను. మోకాళ్ల నుంచి తల దాకా ఒకే గీతలా ఉండి, ఆ గీత ముందుకి ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా వాలాలి. ఇక ఆపలేం అనుకున్నప్పుడు చేతులు నేలకి ఆనించి, చేతులతోనే తోసుకుని పైకి రావాలి. నడుము దగ్గర మడత పెడితే సులువైపోతుంది, అందరూ చేసే పొరపాటు అదే. నాకు తెలియకుండా నేనూ చేశాను. మా అమ్మాయి పక్కనుంచి వీడియో తీసి చూపిస్తే గానీ తెలియలేదు. దానికి పదకొండేళ్లు. "నాన్నా, మధ్యలో విరిగిపోతున్నావ్" అంది. అప్పట్నుంచీ వాలడం మొదలుపెట్టగానే అదే పైకి అంకెలు చదువుతుంది. మొదటి వారం "రెండు" అనేలోపు అరచేతులు నేలకి పడ్డ చప్పుడు. ఆరో వారంలో "నాలుగు" విన్నాను. ఆ రోజు ఇద్దరం ఆ వీడియో మూడుసార్లు చూసుకున్నాం.

లెక్క విషయంలో తొందరపడకూడదు. ఫుట్‌బాల్ వాళ్లు వాడే పది వారాల పద్ధతిలో మొదటి వారం ఒక్క రోజే, అయిదేసి చొప్పున రెండు సెట్లు. రెండో వారం రెండు రోజులు, ఆరేసి చొప్పున. ఆ తర్వాతే మూడు సెట్లు, వారానికి మూడు రోజులు. ఇలా పెంచకుండా మొదటి రోజే ముప్పై చేసినవాడు మర్నాడు మెట్లు దిగలేడు, మళ్లీ ఆ వ్యాయామం మొహం చూడడు. ఆ నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాతే బాగా తెలుస్తుంది, కాబట్టి మ్యాచ్ ముందురోజు నార్డిక్ వద్దే వద్దు. ఆదివారం ఆట అయితే నేను మంగళవారం, అవసరమైతే గురువారం చేస్తాను.

ఇంత కష్టం దేనికని అడిగేవాళ్లకి ఒక మాట. 15 అధ్యయనాల్లోని 8 వేలకు పైగా ఆటగాళ్ల వివరాలు కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణలో, నార్డిక్ చేర్చిన శిక్షణ తీసుకున్నవాళ్లకి ఈ గాయాలు దాదాపు సగం తగ్గినట్టు తేలింది. బలంతోపాటు కండర పోగులు పొడవవుతాయి కూడా. మానేస్తే కొన్ని వారాల్లోనే ఆ లాభం కరగడం మొదలవుతుంది. అందుకే సీజన్ మొదలవగానే ఆపేయడం నాకు అర్థం కాదు. సీజన్‌లో వారానికి ఒక రోజు, నాలుగేసి చొప్పున రెండు సెట్లు. అయిదు నిమిషాల పని.

వీటన్నిటితో బలం వస్తుంది గానీ, నిండు వేగంతో పరుగెత్తకపోతే లోటు ఉండిపోతుంది. ఆ వేగంలో కండరం మీద పడే భారం ఏ వ్యాయామమూ ఇవ్వలేదు. నేను వారానికి ఒకసారి 40 మీటర్ల పరుగులు తీస్తాను, మొదటిది సగం వేగంతో మొదలుపెట్టి ఒక్కోటీ పెంచుకుంటూ, చివరి రెండూ పూర్తి వేగంతో. మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నప్పుడు వికెట్ పడేదాకా కుర్చీకి అతుక్కుపోను, రెండు ఓవర్లకోసారి లేచి అటూ ఇటూ నాలుగు పరుగులు. ఫైన్ లెగ్‌లో ఉన్నా అంతే.

2021 జనవరిలో సిడ్నీ టెస్టు చివరి రోజున హనుమ విహారి తొడ కండరం పరుగు తీస్తుండగా దెబ్బతింది. ఆ కాలితోనే చివరిదాకా ఆడి, మొత్తం 161 బంతుల్లో 23 పరుగులతో నాటౌట్‌గా నిలిచి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్ డ్రా చేశాడు. ఆ ఇన్నింగ్స్ అంటే నాకు ప్రాణం. తర్వాతి బ్రిస్బేన్ టెస్టు అతను ఆడలేకపోయాడు. టెస్టు కాపాడడానికి అలా నిలబడ్డవాణ్ని చూపించి, ఆదివారం ఆటలో కుంటుతూ బౌలింగ్ చేసే కుర్రాళ్లని చూస్తే మాత్రం నాకు బాధేస్తుంది.

పోయిన వారం మా జట్టులో పందొమ్మిదేళ్ల బౌలర్ తొడ వెనక చెయ్యి పెట్టుకుని వచ్చాడు. "కొంచెం నరం పట్టేసిందన్నా. రెండు ఓవర్లే కదా, వేసేస్తా." బోర్లా పడుకోమని, మడమని నా చేతికేసి మెల్లగా నొక్కమన్నాను. వెంటనే మొహం చిట్లించాడు. కెప్టెన్‌కి చెప్పి బయట కూర్చోబెట్టాం. ఫిజియోకి చూపించుకున్నాడు, చిన్న చిరుగేనట. రాత్రి మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఆ మంచం కింద మడమలు పెట్టేది ఎలా?"

మా అమ్మాయి తీసిన వీడియో పంపాను. అందులో అది "అయిదు" దాకా లెక్కపెడుతుంది. కింద రాశాను: "ఇది ఇప్పుడే కాదు. ముందు రెండు కాళ్లతో బ్రిడ్జి, నొప్పి రానంత వరకే. రెండు కాళ్లకీ లెక్క సమానం అయ్యాక మంచం సంగతి చూద్దాం."